యాపియం ఇన్‌స్పెక్టర్
యాపియం ఇన్‌స్పెక్టర్ అనునది మొబైల్ అనువర్తనాలకు స్వయంచాలక పరీక్షలు తయారు చేయుటలో ఉపకరించే ఓపెన్ సోర్స్ డెస్క్‌టాప్ ఉపకరణము. ఇది పూర్వం యాపియం డెస్క్‌టాప్‌లో భాగంగా ఉండి, 2021లో వేరుపడినది.

పనిచేయు విధానము
యాపియం సర్వరు ద్వారా ఫోనుతో అనుసంధానమై, ఫోను తెరను, అందలి మీటలు, పెట్టెల అమరికను పక్కపక్కన చూపును. మీటను ఎంచుకొనిన దాని గుర్తింపు వివరాలు కనిపించును. చేసిన పనులను నమోదు చేసి జావా, పైథాన్ వంటి భాషలలో కోడుగా ఇచ్చును.

గుర్తింపు ఎంపిక
తెరపై కనిపించు మాటను బట్టి మీటను వెదికే పరీక్ష, ఆ మాట మారినంతనే విఫలమగును. రాజమండ్రి పేరు 2015లో అధికారికంగా రాజమహేంద్రవరముగా మారినను రైల్వే స్టేషను కోడు ఆర్‌జెవైగానే నిలిచినది. అట్లే ఆండ్రాయిడ్‌లో రిసోర్స్ ఐడి, తెరపై భాష ఆంగ్లము నుండి తెలుగునకు మారినను మారదు. కావున పరీక్షలకు అదే నమ్మదగిన ఆధారము.