మర్ఫా

హైదరాబాదులో సిద్దీలు, చావూష్‌లు తరతరాలుగా వాయిస్తున్న తాళవాద్య మేళం మర్ఫా. ఆ మోతకు మగవాళ్ళు ఆడే ఆటకూ అదే పేరు. బాన్సువాడ నుంచి వనపర్తి దాకా బరాత్‌లో తీన్‌మార్ మోగితే కాళ్ళు ఊరుకోవు కదా, ఆ దరువుకు మర్ఫా నగరంలోని దగ్గరి చుట్టం. ఎవరి దరువు ఎవరికి అబ్బిందో తేల్చడం కష్టమే గాని, పల్లె డప్పు మాత్రం ఇక్కడి మాదిగల చేతిది, సముద్రం దాటి వచ్చింది కాదు.

సముద్రం దాటి వచ్చినవాళ్ళు సిద్దీలు. తూర్పు ఆఫ్రికా నుంచి కొందరు బానిసలుగా, కొందరు సిపాయిలుగా దక్కనుకు చేరారు. అబిసీనియాను అరబ్బీలో హబష్ అంటారు. వాళ్ళను హబ్షీలనడం అందుకే. వాళ్ళలో ఒకడు, పలుమార్లు చేతులు మారి అమ్ముడుపోయిన మాలిక్ అంబర్, అహ్మద్‌నగర్ రాజ్యాన్నే నడిపి 1626లో కన్నుమూశాడు. చావూష్‌లు యెమెన్‌లోని హద్రమౌత్ అరబ్బులు. నిజాం కొలువులో చేరి, బ్యారక్స్ అన్న మాట నుంచి పేరు పొందిన బార్కస్‌లో స్థిరపడ్డారు. మేళం పేరు కూడా అరబ్బీదే.

ఆఫ్రికా ఆశ్వికులను వనపర్తి సంస్థానాధీశులు మొదట తమ కొలువులో పెట్టుకున్నారని, ఆ దళమే తర్వాత నిజాం చేతికి వచ్చిందని చెబుతారు. ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్ ఉన్న చోటు మాసబ్ ట్యాంకు పక్కన ఏసీ గార్డ్స్‌గా మిగిలింది. ఆ ‘ఏసీ’ని చల్లగాలి యంత్రం అనుకునేవాళ్ళు నేటికీ ఉన్నారు!

మేళంలో మర్ఫా అన్నది నగారా వంటి చిన్న వాద్యం. దానికి తోడు డఫ్‌లు, ఢోల్, లోహపు బిందె. బిందె మీద పడే కర్ర దెబ్బ తోలు మోతను చీల్చుకుని వినిపిస్తుంది. పాట కన్నా దరువుకే పెద్దపీట. ఆటగాళ్ళు కర్రలో కత్తులో గాలిలో తిప్పుతూ వలయంగా తిరుగుతారు.

1948 సెప్టెంబరులో పోలీసు చర్యతో నిజాం పాలన ముగిసింది. ఆ తర్వాత దళం రద్దయి, గుర్రాలు పోయి, జీతాలు ఆగాయి. కొలువులో సరదాగా ఉన్న మేళం చాలా ఇళ్ళకు కూడు పెట్టే పని అయింది. ముస్లిముల పెళ్ళిళ్ళే కాదు, హిందువుల ఊరేగింపులూ, రాజకీయ సభలూ మర్ఫాను పిలిపించుకున్నాయి. తోటి సిద్దీలకు వేరే ఆటలూ వాద్యాలూ ఉన్నాయి: గుజరాత్‌లో గోమా, ఉత్తర కన్నడలో డమ్మామ్. ఈ గోమా ఆఫ్రికాలోని బంటూ భాషల్లో డోలును చెప్పే ఎన్‌గోమా నుంచి వచ్చిందే.

మర్ఫా లాగే ఆఫ్రికాతో ముడిపడిన పండుగ, అమెరికాలో నల్లజాతివారు జరుపుకునే క్వాంజా. దానికి పుట్టిన ఏడు తెలుసు. 1966లో మౌలానా కరెంగా దాన్ని మొదలుపెట్టాడు. స్వాహిలీలో ‘తొలి ఫలాలు’ అనే మాట నుంచి పేరు తీసుకున్నాడు. డిసెంబరు 26 నుంచి జనవరి 1 దాకా ఏడు దీపాలు, కథలు, డోళ్ళు. తెగిపోయిన వేరును వెతికి కట్టుకున్న పండుగ అది. మర్ఫాకు అలాంటి కర్తా లేడు, తేదీ లేదు. వేరును వెతకాలన్న ఆలోచన లేకుండానే వాయిస్తూ పోయారు.

తోలు డఫ్ తేమకు మెత్తబడుతుంది. వాయించే ముందు కాగితాలు మండించి, డఫ్‌ను సెగ మీద తిప్పి, వేలితో కొట్టి చూస్తారు. ఖణేల్‌మంటేనే ఊరేగింపు కదిలేది. ఇప్పుడు వస్తున్న ప్లాస్టిక్ పొర వాద్యాలకు ఆ మంట అక్కర్లేదు.