కాలేజీ ఫుట్‌బాల్ కోచ్‌ల మార్పుపై ఊహాగానాలు

అమెరికా విశ్వవిద్యాలయాల ఫుట్‌బాల్ జట్లకు కొత్త ప్రధాన కోచ్ ఎవరొస్తారు, ఉన్నాయన ఎక్కడికి పోతారు అని అభిమానులు ఏటా సాగించే చర్చలు, ఆరాలు, పుకార్ల మొత్తాన్ని ఈ పేరుతో వ్యవహరించవచ్చు. ఇక్కడ ఫుట్‌బాల్ అంటే కోలగా ఉండే బంతిని చేత పట్టుకుని పరుగెత్తే అమెరికన్ ఆట. సీజన్ చివరికొచ్చే నవంబరు, డిసెంబరు నెలల్లో ఈ సందడి తారస్థాయికి చేరుతుంది. కోచ్‌లు ఒకరి కుర్చీలోకి మరొకరు మారే ఈ తంతును అక్కడ ‘కోచింగ్ కారుసెల్’ (కోచ్‌ల రంగులరాట్నం) అంటారు. మంత్రివర్గ విస్తరణకు ముందు మన పత్రికల్లో వచ్చే ఆశావహుల జాబితాలు చదివినవారికి ఈ వాతావరణం కొత్తగా అనిపించదు.

అలబామా, మిసిసిపీ వంటి రాష్ట్రాల్లో అగ్రశ్రేణి ప్రొఫెషనల్ లీగు (ఎన్‌ఎఫ్‌ఎల్) జట్టే లేదు. అక్కడి జనానికి విశ్వవిద్యాలయం జట్టే సొంత జట్టు, ఆ కాలేజీ గడప తొక్కనివారికి కూడా. చాలా రాష్ట్రాల్లో ప్రభుత్వ ఉద్యోగులందరిలోకీ ఎక్కువ జీతం తీసుకునేది గవర్నరు కాదు, ఫుట్‌బాల్ కోచ్. నియామకంలో మాత్రం మామూలు అభిమానికి ఓటు లేదు. అథ్లెటిక్ డైరెక్టరు, పాలకమండలి సభ్యులు, బూస్టర్లుగా పిలిచే ధనిక దాతలు తలుపులు మూసుకుని తేల్చేస్తారు. ఆ మూసిన తలుపుల బయటే పుకారు పుడుతుంది.

తొలినాళ్లలో ఇంత ఉరుకులాట లేదు. ఆమోస్ అలొంజో స్టాగ్ చికాగో విశ్వవిద్యాలయంలో 1892 నుంచి 1932 దాకా కోచ్‌గా ఉన్నారు. జట్టు భవితవ్యాన్ని పుకారు ఎంతగా దెబ్బతీయగలదో 1957లో తెలిసొచ్చింది. ఆ ఏడాది నవంబరు మధ్యకు టెక్సస్ ఏ అండ్ ఎం జట్టు ఆడిన 8 ఆటలూ గెలిచి దేశంలో మొదటి ర్యాంకులో ఉంది. కోచ్ పాల్ ‘బేర్’ బ్రయంట్. ఆయన ఒకప్పుడు ఆటగాడిగా ఉన్న అలబామా జట్టేమో మూడేళ్లలో 4 ఆటలే గెలిచి, 24 ఓడి దయనీయ స్థితిలో ఉంది. బ్రయంట్ సొంతగూటికి వెళ్లిపోతున్నారన్న వార్త సరిగ్గా రైస్ విశ్వవిద్యాలయం జట్టుతో ఆటకు ముందు పొక్కింది. ఆ ఆటలో ఏ అండ్ ఎం 7-6 తేడాతో ఓడింది. తర్వాత టెక్సస్ చేతిలో 9-7, సీజన్ ముగిశాక జరిగే గేటర్ బౌల్ ఆటలో టెనెసీ చేతిలో 3-0. మూడు ఆటల్లోనూ కలిపి తేడా ఆరు పాయింట్లే. ఓటములకు పుకారొక్కటే కారణమని నిరూపించలేం కానీ, ఏ అండ్ ఎం అభిమానులకు మాత్రం అందులో సందేహమే లేదు. బ్రయంట్ అలబామాకు వెళ్లి 6 జాతీయ టైటిళ్లు గెలిచారు.

1982 జనవరిలో అదే ఏ అండ్ ఎం, మిషిగన్ కోచ్ బో షెంబెక్లర్‌కు గాలం వేసింది. ఆయన కాదనడంతో పిట్స్‌బర్గ్ నుంచి జాకీ షెరిల్‌ను తెచ్చుకుంది. ఆరేళ్లకు సుమారు 17 లక్షల డాలర్ల ఆ ఒప్పందం అప్పట్లో దేశమంతా నోరెళ్లబెట్టిన మొత్తం. అంత డబ్బు చేతులు మారుతుంటే అభిమాని ఊరుకుంటాడా?

ఊహాగానాల చరిత్రలో విమానానికి ప్రత్యేక స్థానం ఉంది. 2003 నవంబరు 20న ఆబర్న్ విశ్వవిద్యాలయం అధ్యక్షుడు, అథ్లెటిక్ డైరెక్టరు, ఇద్దరు పాలకమండలి సభ్యులు ప్రైవేటు విమానంలో ఇండియానాలోని ఓ చిన్న విమానాశ్రయానికి వెళ్లి లూయివిల్ కోచ్ బాబీ పెట్రినోను రహస్యంగా కలిశారు. అప్పటికి ఆబర్న్ కోచ్ టామీ టబర్‌విల్ ఉద్యోగంలోనే ఉన్నారు. రెండు రోజుల్లో చిరకాల ప్రత్యర్థి అలబామాతో ఆట ఉంది. పైగా పెట్రినో అంతకు ముందు ఏడాదే టబర్‌విల్ దగ్గర సహాయకుడిగా పనిచేసినవారు. ఆబర్న్ ఆ ఆట గెలిచింది, తర్వాత గుట్టు రట్టయింది. జనం సానుభూతి మొత్తం టబర్‌విల్ వైపు తిరిగింది. అధ్యక్షుడు రాజీనామా చేశారు. టబర్‌విల్ జట్టు మరుసటి ఏడాది 13 ఆటలకు 13 గెలిచింది. ‘జెట్‌గేట్’గా పేరుపడ్డ ఈ ఉదంతం తర్వాత విమానాల తోక మీది నంబర్లను గమనించడం అభిమానులకు పెద్ద వ్యాపకమైంది. విమానాల జాడ చూపే సేవలు ఇంటర్నెట్‌లో అందరికీ అందడంతో, బూస్టర్ విమానం ఏ ఊళ్లో దిగిందో తెలిస్తే చాలు, కొత్త కోచ్ ఖరారైనట్టే లెక్క! ఈ లెక్కలు తప్పడమే ఎక్కువ.

కోచ్‌ల ఖండనలకు విలువ పోవడానికి 2006 చలికాలం పెద్ద కారణం. ప్రొఫెషనల్ జట్టు మయామీ డాల్ఫిన్స్ కోచ్ నిక్ సేబన్ తాను అలబామాకు వెళ్లడం లేదని డిసెంబరు 21న తెగేసి చెప్పారు. రెండు వారాలు తిరక్కుండానే, 2007 జనవరి 3న, అలబామా ఆయన పేరు ప్రకటించింది. ఆ విశ్వవిద్యాలయం ఉన్న టస్కలూసా విమానాశ్రయంలో అభిమానులు గుమిగూడి స్వాగతం పలికారు. ఆ ఏడాది డిసెంబరులో ఇందుకు తలకిందులైన కథ నడిచింది. లూయిజియానా స్టేట్ విశ్వవిద్యాలయం (ఎల్‌ఎస్‌యూ) కోచ్ లెస్ మైల్స్ తాను చదివిన మిషిగన్‌కు వెళ్తున్నారని ఆట మొదలవడానికి కొన్ని గంటల ముందు టీవీలో వార్త వచ్చింది. ఆయన విలేఖరులను పిలిచి మండిపడి, ఆ సాయంత్రం కాన్ఫరెన్స్ (ప్రాంతీయ లీగు) టైటిల్, తర్వాత జాతీయ టైటిల్ గెలిచి ఎల్‌ఎస్‌యూలోనే ఉండిపోయారు.

2017లో పుకార్ల రాజధాని టెనెసీ. ఒకప్పుడు అక్కడ సహాయకుడిగా పనిచేసి, తర్వాత ప్రొఫెషనల్ లీగులో సూపర్ బౌల్ గెలిచిన జాన్ గ్రూడెన్ వస్తారని అక్కడి అభిమానులు ఏళ్ల తరబడి నమ్మారు. ఆయన ఆ విశ్వవిద్యాలయం ఉన్న నాక్స్‌విల్‌లోని ఓ రెస్టారెంట్లో ఉన్నారని పుకారు పుడితే, ఆయన మా దగ్గర లేరు బాబూ అని ఆ రెస్టారెంటే చెప్పుకోవాల్సి వచ్చింది. గ్రూడెన్ రాలేదు. నవంబరు 26న కోచ్ గ్రెగ్ షియానోతో ఒప్పందం కుదిరిందని తెలియగానే అభిమానులు, స్థానిక రాజకీయ నాయకులు విరుచుకుపడ్డారు. ఆయన గతంలో పనిచేసిన పెన్ స్టేట్‌లో జరిగిన లైంగిక దాడుల కేసులో ఒక వాంగ్మూలంలో ఆయన ప్రస్తావన వచ్చిందన్నది అభ్యంతరం. ఆ ఆరోపణను షియానో ఖండించారు. సాయంత్రానికల్లా ఒప్పందం రద్దయింది, కొద్ది రోజుల్లో అథ్లెటిక్ డైరెక్టరు పదవీ పోయింది. అదే వారం ఫ్లోరిడా స్టేట్ కోచ్ జింబో ఫిషర్ ఇంటి ముందు రోడ్డు పక్కన పడేసిన క్రిస్మస్ చెట్టు ఫొటో దేశమంతా తిరిగింది. డిసెంబరు మొదట్లోనే చెట్టు పారేశారంటే మకాం ఎత్తేస్తున్నట్టే కదా అన్నారు. నిజంగానే ఆయన పదేళ్లకు 7.5 కోట్ల డాలర్ల ఒప్పందంతో ఏ అండ్ ఎంలో చేరారు. 2023లో ఆయన్ను తొలగించినప్పుడు చెల్లించాల్సిన పరిహారం కూడా ఇంచుమించు అంతే.

పుకారు వల్ల లాభపడేదెవరంటే మొదట కోచ్‌లే. 2021లో మిషిగన్ స్టేట్ కోచ్ మెల్ టకర్‌ను ఎల్‌ఎస్‌యూ తన్నుకుపోతుందన్న ప్రచారం మధ్య ఆ విశ్వవిద్యాలయం ఆయనకు పదేళ్లకు 9.5 కోట్ల డాలర్లు రాసిచ్చింది. రెండేళ్లు నిండకముందే తొలగించింది.  2017 నుంచి కొత్త ఆటగాళ్లు డిసెంబరులోనే సంతకాలు చేసే వీలు రావడంతో విశ్వవిద్యాలయాలు సీజన్ ముగియకుండానే కోచ్‌ను ఖాయం చేసుకోవాలని తొందరపడుతున్నాయి. పుకార్లను విసుక్కునే అధికారులు ముందు ఈ క్యాలెండరును సరిదిద్దుకోవాలి.

2025లో మిసిసిపీ విశ్వవిద్యాలయం (ఓల్ మిస్) కోచ్ లేన్ కిఫిన్ విషయంలో ఇదంతా పరాకాష్ఠకు చేరింది. ఫ్లోరిడా, ఎల్‌ఎస్‌యూ, ఓల్ మిస్ అభిమానులు వారాల తరబడి ఆయన గురించే మాట్లాడుకున్నారు. ఓల్ మిస్ 12 ఆటల్లో 11 గెలిచి జాతీయ టైటిల్ తేల్చే ప్లేఆఫ్ ముంగిట నిలిచిన తరుణంలో, నవంబరు 30న, ఆయన ఎల్‌ఎస్‌యూకు వెళ్లిపోయారు. ప్లేఆఫ్ దాకా జట్టును నడిపిస్తానన్నా విశ్వవిద్యాలయం ఒప్పుకోలేదు. డిఫెన్స్ బాధ్యతలు చూస్తున్న పీట్ గోల్డింగ్‌ను ప్రధాన కోచ్‌ను చేసింది.