రొట్టెల పీట మీద పుట్టిన వీరుడు

సినిమాకి వెళ్తే టైటిల్సు చదవడం నాకు చిన్నప్పట్నించీ అలవాటు. "అన్ని పేర్లు చదివి ఏం చేస్తావు, పరీక్ష రాయాలా?" అని మావారు ఎగతాళి చేస్తూనే ఉంటారు. కథ ఎవరిదో తెలియకుండా సినిమా చూడటం, పిలిచినావిడ ఎవరో తెలియకుండా పేరంటానికెళ్ళి తాంబూలం పుచ్చుకున్నట్టుంటుంది నాకు.

మొన్న వేసవి సెలవులకి వచ్చిన మనవడు 1978 నాటి 'సూపర్‌మేన్' పెట్టాడు. క్రిస్టఫర్ రీవ్ వేసిన సినిమా. మొదట్లోనే 1938 జూన్ అని కనిపిస్తుంది. ఓ పిల్లవాడి చెయ్యి బొమ్మల కథల పుస్తకం తెరుస్తుంది. ఆ తర్వాత ఆకాశంలోంచి దూసుకొస్తూ పేర్లు. వాటిల్లో ఒకచోట, సూపర్‌మేన్‌ని సృష్టించినవారు జెర్రీ సీగెల్, జో షుస్టర్ అని ఉంటుంది. ఈ పేర్లెందుకు బామ్మా అని వాడు ముందుకి పరిగెత్తించబోయాడు.

"ఆగరా! ఆ రెండు పేర్లూ అక్కడికి రావడానికి ముప్ఫై ఏళ్ళు పట్టింది" అన్నాను. నేను గట్టిగా అన్నానేమో, వాడు నిజంగానే ఆపేశాడు.

జెర్రీ, జో ఇద్దరూ 1914లో పుట్టారు. అమెరికాలో క్లీవ్‌లండ్ అనే ఊళ్ళో ఒకే హైస్కూల్లో చదివారు. వలసవచ్చిన యూదు కుటుంబాల పిల్లలు. జెర్రీ కథలల్లేవాడు, జో బొమ్మలేసేవాడు. ఇద్దరికీ కళ్ళద్దాలు, ఇద్దరికీ ఆడపిల్లల ముందు నోరు పెగలదు. క్లార్క్ కెంట్ ఎక్కణ్ణించి వచ్చాడో వేరే చెప్పాలా! జెర్రీ తండ్రికి బట్టల దుకాణం ఉండేది. 1932లో దొంగలు పడ్డప్పుడు ఆయన దుకాణంలోనే కుప్పకూలి పోయాడు. తుపాకి గుండు తగలినా చలించని వీరుణ్ణి ఆ కుర్రాడు ఎందుకు ఊహించుకున్నాడో అని పండితులు చాలా రాశారు. నాకు ఆ తల్లే కళ్ళముందు కనిపిస్తుంది.

జో వాళ్ళింట్లో అయితే మరీ ఇబ్బంది. బొమ్మలు గీసుకోవడానికి బల్ల లేదు. వాళ్ళమ్మ రొట్టెల పిండి మర్దించే చెక్క పీట తెచ్చి ఒళ్ళో పెట్టుకునేవాడు. ఆవిడకి రొట్టె చెయ్యాల్సి వచ్చినప్పుడు పీట ఇచ్చెయ్యాల్సిందే. కాగితం కొనే డబ్బుల్లేక పొట్లాలు కట్టే కాగితం మీద గీశాడు. చలికాలంలో ఇంట్లోనే కోటు తొడుక్కుని గీసేవాడు.

ఆ ఇంటికే ఒక అమ్మాయి వచ్చింది. చిత్రకారులకి మోడల్‌గా కూర్చుంటానని పత్రికలో చిన్న ప్రకటన వేసుకున్న పిల్ల. అప్పటికి అనుభవం ఏమీ లేదు, ఇంకా స్కూలు వయసే. సూపర్‌మేన్ కథలో విలేఖరి లోయిస్ లేన్ ముఖం ఆ పిల్లదే. తర్వాత ఆమె జొయాన్ అని పేరు మార్చుకుంది. ఈమెని గుర్తు పెట్టుకోండి, మళ్ళీ వస్తుంది.

నాలుగైదేళ్ళు పత్రికలవాళ్ళు ఆ బొమ్మల్ని తిప్పి పంపారు. చివరికి 1938లో ఒక ప్రచురణ సంస్థ తీసుకుంది. పదమూడు పేజీలు, పేజీకి 10 డాలర్ల చొప్పున 130 డాలర్లు. ఆ డబ్బుకి సూపర్‌మేన్ మీద సర్వహక్కులూ వాళ్ళకి రాసిచ్చేశారు. ఇద్దరికీ అప్పటికి ఇరవైమూడేళ్ళు. అచ్చులో చూసుకోవాలనే ఆత్రంలో సంతకం పెట్టని కొత్త రచయిత ఎవరున్నారు చెప్పండి! ఆ చెక్కు కాగితాన్నే 2012లో వేలం వేస్తే 1,60,000 డాలర్లు పలికింది.

మొదట్లో వాళ్ళూ బాగానే సంపాదించారు, కాదనకూడదు. కానీ 1940లో రేడియో, 1941లో కార్టూను సినిమాలు... వీరుడు ఎగిరినకొద్దీ లాభం కంపెనీది. 1947లో కోర్టుకెక్కారు. మరుసటేడు సుమారు 94,000 డాలర్లకి రాజీ కుదిరింది. దాంతోపాటు కథల మీంచి వాళ్ళ పేర్లు ఎగిరిపోయాయి. అదే 1948లో పదిహేను భాగాల సూపర్‌మేన్ సినిమా హాళ్ళలోకి వచ్చింది.

డబ్బు పోతే మనిషి ఓర్చుకుంటాడేమో గానీ, పేరు పోతే ఎలా? నేను నేర్పిన గోంగూర పచ్చడిని మా తోటికోడలు తన పేరున పదిమందికీ వడ్డిస్తే రెణ్ణెల్లు ఆవిడతో మాటలు మానేశాను. పచ్చడికే అలా ఉంటే!

జొయాన్ మళ్ళీ వచ్చింది ఇక్కడే. 1948లో జెర్రీని పెళ్ళాడింది. తర్వాతివి గడ్డురోజులు. చివరికి కంపెనీ పెద్దల దగ్గరికి వెళ్ళి, సూపర్‌మేన్ కథకుడు ఆకలితో మాడుతున్నాడని పేపర్లో పడితే మీకు బావుంటుందా అని నిలదీసిందట. 1959లో జెర్రీకి అదే కంపెనీలో పని దొరికింది. తన వీరుడికి తనే కథలు రాశాడు, పేరు లేకుండా, పేజీకింత చొప్పున. 1974లో హక్కుల కేసు పైకోర్టులోనూ ఓడిపోయారు. అప్పటికి జో కళ్ళు దాదాపు పోయాయి. పెళ్ళిలేదు, తమ్ముడి దగ్గరుంటున్నాడు. జెర్రీ లాస్ ఏంజెలెస్‌లో గుమస్తా ఉద్యోగం.

1975లో జెర్రీ, సూపర్‌మేన్‌ని కోట్లు పోసి సినిమాగా తీస్తున్నారని విన్నాడు. ఆ సినిమాకి శాపం పెడుతూ పేజీలకి పేజీలు టైపు కొట్టి పత్రికలకి పంపాడు. అచ్చంగా శాపమే! మన ఋషులు కమండలంలో నీళ్ళు చల్లేవాళ్ళు, ఈయనకి టైపు మిషనుంది. జెర్రీ రాబిన్సన్, నీల్ ఆడమ్స్ అనే చిత్రకారులు పూనుకుని తోటివాళ్ళని కూడగట్టారు. టీవీలవాళ్ళు వచ్చారు. కోర్టు ఇవ్వనిది సినిమా ఇప్పించింది. అంత పెద్ద సినిమా తీయబోతూ, దాని మూలపురుషుల్ని వీధిలో నిలబెట్టారన్న మాట వార్నర్ కంపెనీ పడలేకపోయింది. ఆ డిసెంబరులోనే ఒప్పందం కుదిరింది. ఏడాదికి ఒక్కొక్కరికి 20,000 డాలర్లు, వైద్యం ఖర్చులు, పేర్లు. హీరో తండ్రిగా కాసేపు కనిపించిన మార్లన్ బ్రాండోకి 37 లక్షల డాలర్లు ముట్టాయి. లెక్కలు నేను వెయ్యను, మీరే వేసుకోండి.

1980లో మన రామారావుగారు కూడా 'సూపర్‌మేన్' వేశారు. అందులో శక్తులన్నీ ఆంజనేయస్వామి దయ. క్లీవ్‌లండ్ కుర్రాళ్ళు ఆ సినిమా చూసి ఉంటే ఏమనేవాళ్ళోనని నాకు నవ్వొస్తుంది.

జో 1992లోనూ, జెర్రీ 1996లోనూ పోయారు. జొయాన్ మాత్రం ఊరుకోలేదు, కూతురుతో కలిసి హక్కుల కోసం పోరాడుతూనే 2011లో కన్నుమూసింది. 2013లో పైకోర్టు తీర్పు కంపెనీ వైపే వచ్చింది.

ఇదంతా చెప్పేసరికి పొయ్యి మీద పాలు పొంగిపోయాయి. నేను వంటింట్లోకి పరిగెత్తి తిరిగొచ్చేసరికి మనవడు సినిమాని మొదటికి తిప్పి పెట్టుకుని కూర్చున్నాడు.

"బామ్మా, ఈ ఇద్దరిలో రొట్టెల పీట ఎవరిది?"

"రెండోవాడిదిరా."

జో షుస్టర్ అని పైకి చదివి, అప్పుడు సినిమాని ముందుకి పోనిచ్చాడు.