రెండు తుఫానులు, ఒక సిలబస్

ఇవాళ చరిత్రే చెప్తాను, కానీ ఒక సిలబస్ కథగా చెప్తాను. రెండేళ్ళ కిందట మా విశ్వవిద్యాలయంలో పీజీ పిల్లలకు 'ప్రకృతి వైపరీత్యాలు, విపత్తు నిర్వహణ' అనే నాలుగు క్రెడిట్ల కోర్సు తయారు చేసే పని నా మీద పడింది. నేను చరిత్ర పాఠాలు చెప్పేవాణ్ణి. ఈ పని నాకెందుకు ఇచ్చారంటే, మిగతావాళ్ళెవరికీ ఖాళీ లేదు. అంతకన్నా పెద్ద కారణం ఏమీ లేదు.

మొదటి ముసాయిదా అందరూ రాసేలాగే రాశాను. ఒకటో యూనిట్ నిర్వచనాలు. రెండో యూనిట్ భూకంపాలు, మూడోది తుఫానులు, వరదలు. ప్రతిదానికీ కారణాలు, ప్రభావాలు, నివారణ చర్యలు. చివర్లో 2005 విపత్తు నిర్వహణ చట్టం, సెండాయ్ ఒప్పందం. గైడు పుస్తకాలన్నీ ఇలాగే ఉంటాయి కాబట్టి ఎవరూ అభ్యంతరం చెప్పరని తెలుసు. ఆ ధైర్యంతోనే ఒక క్లాసులో ప్రయోగంగా ఓ పాఠం చెప్పాను. మొదలుపెట్టే ముందు మామూలుగా అడిగాను: దివిసీమ ఉప్పెన ఎప్పుడు వచ్చింది? కోస్తా జిల్లాల పిల్లలే ముప్పై మంది ఉన్నారు. రెండు చేతులు లేచాయి. అందులో ఒకమ్మాయి తేదీ చెప్పలేదు. "మా తాతయ్య వాళ్ళ అన్నయ్య అందులోనే పోయారు సార్" అంది.

ఆ రోజు సాయంత్రం ముసాయిదా పక్కన పెట్టేశాను.

ఇప్పుడు రెండు తేదీలు చెప్తాను, గుర్తుపెట్టుకోండి. 1977 నవంబర్ 19, శనివారం. 1990 మే 9, బుధవారం. రెండు రోజులూ బంగాళాఖాతం నుంచి చాలా తీవ్రమైన తుఫాను వచ్చి మన తీరాన్ని తాకింది. రెండూ కృష్ణా డెల్టానే దెబ్బతీశాయి. రెండింటిలోనూ సముద్రం లోపలికి వచ్చింది. మొదటిదానిలో సుమారు పదివేల మంది చనిపోయారు, అది ప్రభుత్వ లెక్క. ఇంకా ఎక్కువ మందే పోయారని ఆ ఊళ్ళవాళ్ళు ఇప్పటికీ అంటారు. రెండోదానిలో చనిపోయినవాళ్ళు వెయ్యికి లోపు. గాలి దాదాపు అదే, సముద్రమూ అదే. మధ్యలో పదమూడేళ్ళు గడిచాయి. కోర్సు మొత్తం ఈ తేడా మీదే నడవాలని నాకనిపించింది.

1977లో హెచ్చరిక లేదని చాలామంది అనుకుంటారు. అది నిజం కాదు. తుఫాను వస్తోందని రేడియోలో చెప్పారు. అంతకు వారం ముందే, నవంబర్ 12న, ఒక తుఫాను తమిళనాడు తీరాన్ని కొట్టింది కూడా. కానీ రేడియో ఎంతమందికి ఉంది? ఉన్నా, తుఫాను అంటే ఆ ఊళ్ళలో గాలీ వానా. అవి ఏటా చూసేవే. ఐదారు మీటర్ల ఎత్తున నీళ్ళు ఊరి మీదికి వస్తాయన్న మాట వాళ్ళకు చేరలేదు. చేరినా ఎక్కడికి పోవాలి? రోడ్లు అంతంతమాత్రం, ఎత్తైన పక్కా భవనం లేదు, తాటాకు ఇళ్ళు. పైగా అది సార్వా కోతల కాలం. వేరే ఊళ్ళ నుంచి కూలికి వచ్చినవాళ్ళు చేల దగ్గరే ఉన్నారు. వాళ్ళ పేర్లు ఏ ఊరి లెక్కలోకి రావాలి? ఈ ప్రశ్న ఇప్పటికీ నన్ను వదల్లేదు.

1990కి వచ్చేసరికి చాలా మారింది. ఇన్సాట్ ఉపగ్రహం ద్వారా తీరంలోని కేంద్రాలకు నేరుగా హెచ్చరిక పంపే ఏర్పాటు వచ్చింది. తుఫాను షెల్టర్లు కట్టారు. తీరం వెంట సరుగుడు తోటలు వేశారు. అన్నిటికన్నా ముఖ్యంగా, ఆరు లక్షలకు పైగా జనాన్ని తుఫాను రాకముందే తరలించారు. 1977ని కళ్ళారా చూసినవాళ్ళు ఇంకా బతికే ఉన్నారు కాబట్టి, లారీ ఎక్కమంటే ఎక్కారు. ఇది నా అభిప్రాయం. షెల్టరుకి ఎంత విలువ ఇస్తామో ఆ భయానికీ అంతే విలువ ఇవ్వాలి. ఇంకో మాట కూడా చెప్పాలి, లేకపోతే అన్యాయం అవుతుంది: మే నెలలో సార్వా కోత కూలీలు చేలల్లో ఉండరు. క్యాలెండర్ కూడా కొంతమందిని కాపాడింది.

ఇక్కడ భాష గురించి కాస్త ఆగుతాను. కోర్సు పేరు దగ్గరే నాకు చిక్కు వచ్చింది. ఇంగ్లీషులో హజార్డ్ వేరు, డిజాస్టర్ వేరు. సముద్రంలో తిరిగే తుఫాను హజార్డ్. అది జనాన్ని ముంచితే డిజాస్టర్. మనం రెండింటికీ వైపరీత్యమనో విపత్తనో వాడేస్తాం, ముందు 'ప్రకృతి' అని తగిలిస్తాం. తగిలించగానే పూచీ అంతా ప్రకృతి మీదికి పోతుంది. ఈ విషయం మీద 1976లో 'నేచర్' పత్రికలో ఓకీఫ్, వెస్ట్‌గేట్, విస్నర్ అనే ముగ్గురు ఒక వ్యాసం రాశారు. ప్రకృతి విపత్తుల్లోంచి 'ప్రకృతి'ని తీసేయాలన్నది దాని సారం. దివిసీమ ఉప్పెనకు ఒక ఏడాది ముందు! కానీ 'ఉప్పెన' అన్న మాట చూడండి. గాలి వేరు, వాన వేరు, పైకి లేచి వచ్చే సముద్రం వేరు అని మనవాళ్ళు ముందే విడదీసి పేరు పెట్టుకున్నారు. పేరు ఉండి కూడా హెచ్చరికలో ఆ మాట బలంగా వినిపించకపోవడం నాకు బాధగా ఉంటుంది.

సరే, మార్చిన ముసాయిదా తీసుకుని కమిటీ ముందుకు వెళ్ళాను. ఒకటో యూనిట్: 1977, 1990. అక్కడ గట్టిగానే వాదన జరిగింది. "ఇది చరిత్ర, సైన్సు కాదు. గాలి వేగం, పీడనం తెలియకుండా తుఫాను ఎలా అర్థమవుతుంది?" అన్నారు. న్యాయమైన ప్రశ్నే. నేను ఒక్క ఉదాహరణతో జవాబు చెప్పాను, అది మీకూ చెప్తాను.

పీటర్ వించెస్టర్ అనే పరిశోధకుడు 1977 తర్వాత కృష్ణా డెల్టాలో ఏళ్ళ తరబడి పనిచేసి, 1992లో పుస్తకం అచ్చు వేశాడు. దాని ఆధారంగా 'ఎట్ రిస్క్' అనే 1994 నాటి పుస్తకంలో రెండు కుటుంబాల కథ ఉంటుంది. ఈ రంగంలో ప్రపంచమంతా చదివే పుస్తకం అది. రెండు ఇళ్ళకూ మధ్య దూరం వంద మీటర్లు. ఒకరికి పొలం, పక్కా ఇల్లు, వ్యాపారం, లారీ, రేడియో ఉన్నాయి. రేడియోలో విని, విలువైనవి లారీలో వేసుకుని వెళ్ళిపోయారు. రెండోవాళ్ళకు రేడియో లేదు. ఇల్లు పోయింది, పశువులు పోయాయి, చిన్నబిడ్డ మునిగిపోయింది. తర్వాత జరిగేది ఇంకా ముఖ్యం. మొదటివాళ్ళు పొదుపు తీసి ఇల్లు కట్టుకున్నారు, ఎడ్లను కొన్నారు, మళ్ళీ సాగు మొదలుపెట్టారు. రెండోవాళ్ళు డబ్బు లెక్కలో చూస్తే పోగొట్టుకున్నది తక్కువే. కానీ ఆ కాస్త కూడా చేతిలో లేక ఎక్కువ వడ్డీకి అప్పు చేశారు. గాలి వేగం రెండు ఇళ్ళ దగ్గరా ఒకటే కదండీ. మరి ఈ తేడాని ఏ పరికరంతో కొలుస్తాం?

కమిటీలో కాసేపు ఎవరూ మాట్లాడలేదు. తర్వాత రాజీ కుదిరింది. గాలి వేగం రెండో యూనిట్‌కి వెళ్ళింది.

ఇంకో పాఠం కోరంగి. గోదావరి పాయ ఒడ్డున ఒకప్పటి పెద్ద రేవు. 1789లో ఉప్పెన, 1839 నవంబర్‌లో మళ్ళీ ఉప్పెన. సైక్లోన్ అన్న మాటకే ఈ తీరంతో చుట్టరికం ఉంది. కలకత్తాలో ఉన్న హెన్రీ పిడింగ్టన్ ఓడల లాగ్‌బుక్కులు పోగేసి తుఫానుల లెక్క తీశాడు. 1839 కోరంగి తుఫాను మీద కూడా రాశాడు. పాము చుట్ట అనే అర్థం వచ్చే గ్రీకు మాట నుంచి 1848లో ఆ పేరు పెట్టాడు. పిల్లలకు నేనిచ్చే పని ఇది: కోరంగిలో మూడు లక్షల మంది పోయారని ఇంటర్నెట్‌లో ఎక్కడ చూసినా ఉంటుంది. ఆ అంకె ఎక్కడి నుంచి వచ్చింది? ఆ రోజుల్లో ఆ రేవు చుట్టుపక్కల అంత జనం ఉండేవారా? పెద్ద అంకె వినగానే నమ్మేస్తే చిన్న అంకెల్లో ఉన్న మనుషులు మరుగున పడతారు. 1864 నవంబర్ 1న బందరు మునిగినప్పటి లెక్క సుమారు ముప్పై వేలు. ఆ లెక్కకు ఆధారాలు ఇంతకంటే గట్టివి. రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడమంటాను.

అయితే 1977లో చచ్చిపోయాం, 1990లో నేర్చుకున్నాం అని కథ ముగిస్తే అబద్ధమే అవుతుంది. నేను కూడా మొదటి ఏడాది అలాగే ముగించాను, పిల్లలు సంతోషంగా నోట్స్ రాసుకున్నారు. కానీ 1996 నవంబర్ 6న కాకినాడకు దక్షిణంగా కోనసీమ మీద తుఫాను పడింది. చనిపోయినవాళ్ళు, ఆచూకీ లేనివాళ్ళు కలిపితే వెయ్యి దాటారు. ఈసారి ఉప్పెన కంటే గాలి ఎక్కువ చంపింది. ఇళ్ళు కూలాయి, కొబ్బరి తోటలు నేలమట్టమయ్యాయి. వేటకు వెళ్ళి తిరిగిరాని జాలర్లు వందల్లో ఉన్నారు. దివిసీమలో నేర్చుకున్నదంతా ఒడ్డు మీద ఉన్నవాళ్ళను ఉప్పెన నుంచి కాపాడటం. నడిసముద్రంలో చిన్న పడవలో ఉన్నవాడికి ఆ కబురు ఎలా చేర్చాలి?

ఎండ సంగతి కూడా ఒక పూట చెప్తాను. 2015 మే నెలలో వడదెబ్బకు ఒక్క ఆంధ్రప్రదేశ్‌లోనే వెయ్యికి పైగా చనిపోయారు. కూలిన ఇల్లు లేదు, చూపించడానికి ఫోటో లేదు. కూలికి పోకపోతే పూట గడవనివాళ్ళే ఎక్కువ. వించెస్టర్ చెప్పిన రెండో ఇల్లే మళ్ళీ ఎదురైనట్టు నాకనిపించింది.

ఇప్పుడు కోర్సు రెండో బ్యాచ్ నడుస్తోంది. పరీక్షకు బదులు సగం మార్కులు ఒక పనికి ఇస్తున్నాం. ప్రతి విద్యార్థీ తన ఊళ్ళో ఒక షెల్టరుకో, లేకపోతే వానొస్తే జనం చేరే బడికో వెళ్ళాలి. తాళం ఎవరి దగ్గర ఉంటుంది, నీళ్ళున్నాయా, మరుగుదొడ్డి పనిచేస్తోందా, నడవలేని ముసలమ్మ మెట్లెక్కగలదా, ఆడవాళ్ళు రాత్రి అక్కడ ఉండటానికి ఒప్పుకుంటారా, పశువులను వదిలి రావడానికి రైతు సిద్ధమా అని కనుక్కుని రాయాలి. మొదటి బ్యాచ్‌లో నాగాయలంక వైపు వెళ్ళిన ఒక కుర్రాడికి షెల్టరు కనిపించింది, తాళం చెవి దొరకలేదు. మూడు ఇళ్ళు తిరిగాడు. చివరికి ఒక పెద్దాయన, "తుఫాను వచ్చినప్పుడు తీస్తార్లే బాబూ" అన్నాడట. ఆ కుర్రాడు రిపోర్టులో ఆ ముక్క ఒక్కటే రాసి, కింద మూడు ఇళ్ళకూ నడిచిన సమయం వేశాడు: గంటా పది నిమిషాలు. పూర్తి మార్కులు ఇచ్చాను.

ఆ రోజు చెయ్యెత్తిన అమ్మాయి వాళ్ళ ఊళ్ళో ఉప్పెనలో పోయినవాళ్ళ జాబితా తయారు చేస్తోంది. ఇప్పటికి నలభై పేర్లు దొరికాయి. కోతకు వచ్చిన కూలీల పేర్లు మాత్రం ఒక్కటీ దొరకలేదు. మీ ఇళ్ళలో ఎవరైనా ఆ ఏడాది దివి వైపు కూలికి వెళ్ళి ఉంటే, ఏ ఊరి నుంచి వెళ్ళారో అడిగి చూడండి. వచ్చే ఎపిసోడ్‌లో 1908 మూసీ వరద గురించి మాట్లాడుకుందాం. ఉంటాను మరి.