తొక్కుడు బిళ్ళకు రూల్ బుక్ ఎందుకు లేదు?

మా ఆఫీసులో హెచ్ఆర్ వాళ్ళు అప్పుడప్పుడు టీమ్ బిల్డింగ్ అని ఒక మెయిల్ పంపుతుంటారు. మొన్నటి మెయిల్లో కాళ్ళతో ఆడే సరదా ఆటల జాబితా ఒకటి పెట్టారు. అందులో మొదటిది హాప్‌స్కాచ్. అంటే మన తొక్కుడు బిళ్ళే. కింద చిన్న అక్షరాలతో చరిత్ర కూడా ఉంది. రోమన్ సైనికులు ఒంటినిండా కవచాలు తొడుక్కుని వంద అడుగుల గళ్ళలో ఒంటికాలి మీద గెంతుతూ కసరత్తు చేసేవాళ్ళట, అది చూసి పిల్లలు నేర్చుకున్నారట. ఈ కథ వాట్సాప్‌లో మీకూ వచ్చే ఉంటుంది. మన దగ్గర ఏది చెప్పినా రోమ్ నుంచో వేదాల నుంచో మొదలుపెట్టాలి కదా :)

ఈ కథకు ఆధారం లేదు. రోమన్ల కాలం నాటి ఏ పుస్తకంలోనూ, ఏ శాసనంలోనూ ఇలాంటి కసరత్తు ప్రస్తావన లేదు. ఇంగ్లాండులో ఈ ఆట గురించి రాతలో దొరికేది 17వ శతాబ్దంలో. ఫ్రాన్సిస్ విల్లబీ అనే ప్రకృతి శాస్త్రజ్ఞుడు పక్షుల గురించి, చేపల గురించి రాసినట్టే ఆటల గురించి కూడా ఒక నోట్‌బుక్ రాసుకున్నాడు. ఆయన 1672లో చనిపోయాడు. ఆ నోట్‌బుక్ పుస్తకంగా అచ్చయింది మాత్రం 2003లో! నేల మీద గళ్ళు గీసి, పెంకు ముక్కతో ఆడే ఆట అని అందులో ఉంది. మా మాచారెడ్డిలో ఆడేది కూడా పెంకు ముక్కతోనే. స్కాచ్ అంటే స్కాట్లాండు అనుకునేరు, అది గీత అనే అర్థంలో వాడిన మాట.

అది చదివాక నాకొచ్చిన ప్రశ్న వేరు. విల్లబీ లాంటివాడు మనకెందుకు లేడు?

ఉన్నాడు, కొంతవరకు. సురవరం ప్రతాపరెడ్డి గారు. ఆయన 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర' రాజుల చరిత్ర కాదు, జనం ఏం తిన్నారు, ఏం కట్టుకున్నారు, ఏం ఆడుకున్నారు అనే చరిత్ర. తెలుగులో మొట్టమొదటి కేంద్ర సాహిత్య అకాడెమీ అవార్డు 1955లో దానికే వచ్చింది (పాపం ఆయన 1953లోనే పోయారు). పాత కావ్యాలన్నీ గాలించి అందులో కనబడ్డ ఆటల పేర్లు ఏరి పెట్టారు. కానీ కావ్యంలో కవి ఇచ్చేది పేరు మాత్రమే. ఎట్లా ఆడతారో చెప్పడు. పోనీ అని నిఘంటువు తెరిస్తే చాలా ఆటల పేర్లకు ఎదురుగా "ఒక క్రీడావిశేషము" అని ఉంటుంది. అంతే. ఫంక్షన్ పేరు ఉంది, లోపల కోడ్ లేదు. ఎవరో మీద కామెంట్ పెట్టారు, 'ఇది ఒక ఫంక్షన్' అని.

పండితులను తిట్టి లాభం లేదనుకోండి. పిల్లలు ఆడేది రాయదగ్గ విషయం అని అప్పుడు ఎవరూ అనుకోలేదు. అందులోనూ ఆడపిల్లలు ఆడేది.

ఇప్పుడు ఖోఖో సంగతి చూద్దాం. అదీ మట్టిలో, చెప్పుల్లేకుండా, పైసా ఖర్చు లేకుండా ఆడే ఆటే. అదీ కాళ్ళ మీద నడిచే ఆటే. కూర్చున్నవాడు కూడా గొంతుక్కూర్చుని, ఖో అనగానే లేచి ఉరికేటట్టు కాళ్ళు సర్దుకుని ఉండాలి. దానికి 1914 ప్రాంతంలో పూణేలో డెక్కన్ జింఖానా వాళ్ళు కూర్చుని నియమాలు రాశారు. ఎనిమిది మంది వరుసలో ఒకరు అటు, ఒకరు ఇటు మొహం పెట్టి కూర్చోవాలి, తొమ్మిదోవాడు తరమాలి, తరిమేవాడు వెనక్కి తిరగకూడదు, వరుస మధ్యలోంచి దూరకూడదు, తప్పించుకునేవాడు మాత్రం ఎటైనా పోవచ్చు. ఈ తేడాలోనే ఆట అంతా ఉంది. ఒకడికి ఆంక్షలు ఎక్కువ, మనుషులు ఎక్కువ. ఇంకొకడికి స్వేచ్ఛ ఎక్కువ, తోడు తక్కువ. ఎవరు డిజైన్ చేశారోగానీ మంచి బ్యాలెన్సు.

కాగితం మీదికి ఎక్కాక ఏమైందో చూడండి. 1936 బెర్లిన్ ఒలింపిక్స్ సమయంలో అమరావతికి (మనది కాదు, విదర్భది) చెందిన హనుమాన్ వ్యాయామ ప్రసారక మండలి వాళ్ళు అక్కడికి వెళ్ళి కబడ్డీ, ఖోఖో లాంటి ఆటలు ప్రదర్శించి వచ్చారు. మొదటి జాతీయ ఖోఖో పోటీలు 1959-60లో ఎక్కడ జరిగాయో తెలుసా? మన విజయవాడలో. ఆ మరుసటేడు కొల్హాపూర్‌లో ఆడవాళ్ళ పోటీలు కూడా మొదలయ్యాయి. 2022లో అల్టిమేట్ ఖోఖో లీగ్ అని టీవీలో వచ్చింది, మన తెలుగు యోధాస్ ఫైనల్లో ఒడిశా చేతిలో 46-45తో, ఒక్క పాయింటుతో పోయారు. 2025 జనవరిలో ఢిల్లీలో మొదటి ప్రపంచ కప్ జరిగితే మగవాళ్ళు, ఆడవాళ్ళు ఇద్దరూ నేపాల్‌ని ఓడించి గెలిచారు.

అన్నట్టు, ఖోఖో వాళ్ళకూ ఒక రోమన్ సైనికుల కథ ఉంది. పూర్వం రథాల మీద ఆడేవారనీ, మహాభారతంలో చక్రవ్యూహం లోంచి పుట్టిందనీ చెప్పుకుంటారు. ఇదీ ఆ హెచ్ఆర్ మెయిల్ కోవలోదే. ఆటకు గొప్పతనం రావాలంటే యుద్ధం ఉండాలి కాబోలు. పిల్లలు ఊరికే ఆడుకున్నారంటే సరిపోదు.

మరి ఖోఖోకి రాసినవాళ్ళు దొరికారు, తొక్కుడు బిళ్ళకు ఎందుకు దొరకలేదు? గ్రౌండు కొలవడం కష్టమా? కాదు. ఎనిమిది గళ్ళు, ఒక పెంకు. జట్టు ఆట కాదనా? జట్లుగా కూడా ఆడతారు. పోటీ లేదా? ఒక గీత తొక్కావా లేదా అన్నదాని మీద రోజంతా మాటలు మానేసిన అక్కాచెల్లెళ్ళు ఉన్నారు. నాకు తోచిన జవాబు ఒక్కటే. పూణేలో నియమాలు రాసినవాళ్ళు మగవాళ్ళు, చదువుకున్నవాళ్ళు, సాయంత్రం క్లబ్బుకి పోయే తీరిక ఉన్నవాళ్ళు. వాళ్ళు ఆడిన ఆటలు రాశారు. తొక్కుడు బిళ్ళ ఆడినవాళ్ళకు ఆ మూడూ లేవు.

మా అమ్మనే తీసుకోండి. ఫోన్లో అడిగాను, చిన్నప్పుడు ఏమేం ఆడేదానివి అని. ముందు నవ్వింది.

"గిప్పుడు గవన్నెందుకు కొడుకా? ఆఫీసుల పని లేదా నీకు?"

"రాసుకుంటనమ్మా, చెప్పు."

"బిళ్ళాట ఆడుతుంటిమి. కాళ్ళాగజ్జ ఆడుతుంటిమి. మస్తు ఆడుతుంటిమి. పదేండ్లు రాంగనే మా అమ్మ చాట ఒళ్ళె పెట్టింది. ఇగ ఆట ఏడిది?"

చాట అంటే బీడీల చాట. కామారెడ్డి, నిజామాబాద్ దిక్కు వాళ్ళకు విడమరచి చెప్పక్కర్లేదు. మిగతావాళ్ళ కోసం: తునికాకు కత్తిరించి, తంబాకు పోసి, చుట్టి, దారం కట్టడం. మా దిక్కు ఊళ్ళలో ఎన్నో ఇళ్ళు ఈ పని మీదే నడిచాయి. మగవాళ్ళు దుబాయి, మస్కట్ పోతే ఇక్కడ ఇల్లు గడిచింది చాటల మీద. మూడు తరాల ఆడవాళ్ళ వేళ్ళు దాంట్లోనే అరిగాయి. అబ్బాయిలు పదిహేనేళ్ళ వరకు బడి ముందర కబడ్డీ, ఖోఖో ఆడుకున్నారు. అమ్మాయిల ఆట పదేళ్ళకే ఆగిపోయింది. పదేళ్ళ పిల్ల రూల్ బుక్ రాయదు కదా. పెద్దయ్యాక ఆడి ఉంటే రాసేదేమో, రాయకపోయినా పక్క ఊరితో పోటీ అయినా పెట్టేది. పక్క ఊరితో పోటీ పెట్టినప్పుడే కదా 'మీ రూలా మా రూలా' అన్న గొడవ వచ్చి ఎవరో ఒకరు కాగితం తీసేది. కబడ్డీకి జరిగింది అదే. ఒక్కో ప్రాంతంలో ఒక్కో తీరుగా ఆడేవాళ్ళు, 1923లో బరోడాలో పోటీలు పెట్టేసరికి అందరికీ ఒకే నియమాలు కావాల్సి వచ్చాయి.

ఆట మాత్రం దేశమంతా ఉంది. కన్నడంలో కుంటెబిల్లె అంటారు, తమిళంలో పాండి, బెంగాలీలో ఎక్కా దోక్కా, ఢిల్లీ వైపు స్టాపూ. కన్నడం వాళ్ళకు కుంటడం ముఖ్యం, మనకు తొక్కడం ముఖ్యం! బిళ్ళను గడిలో వేయాలి, ఒంటికాలి మీద కుంటుకుంటూ పోవాలి, ఆ కాలితోనే బిళ్ళను తొక్కాలి లేదా తన్నుతూ బయటికి తేవాలి. గీత మీద కాలు పడొద్దు, బిళ్ళ పడొద్దు. మా అమ్మ చెప్పిన చివరి అంకం ఇది: తల పైకెత్తి, ఆకాశం చూస్తూ, ఒక్కో గడిలో అడుగేసి "రైటా?" అని అడగాలి. చుట్టూ ఉన్నవాళ్ళు "రైట్" అనాలి. అక్షరం ముక్క రాని పిల్లలు ఆడిన ఆటలో ఈ ఇంగ్లీషు మాట ఎప్పుడు దూరిందో!

ఇక కాళ్ళాగజ్జ. ఇది మన ప్రొఫెషన్ వాళ్ళకు ప్రత్యేకంగా చెప్పాలి. పిల్లలు కాళ్ళు చాపుకుని వరుసగా కూర్చుంటారు. ఒకరు పాట పాడుతూ ఒక్కో మాటకు ఒక్కో కాలు తట్టుకుంటూ పోతారు. పాట ఏ కాలి మీద ఆగితే ఆ కాలు ముడవాలి. మళ్ళీ పక్క కాలి నుంచి మొదలు. వరుస అయిపోతే తిరిగి మొదటి కాలు. చివరికి మిగిలిన కాలు ఎవరిదైతే వాళ్ళు దొంగ.

గుర్తొచ్చిందా? జోసెఫస్ ప్రాబ్లమ్! ఇంటర్వ్యూల్లో మనల్ని చంపుకు తింటారే, వృత్తంలో నిలబడ్డ మనుషుల్లో ప్రతి కె-వ వాణ్ణి తీసేస్తూ పోతే చివరికి మిగిలేదెవరు అని, అదే. క్రీ.శ. 67లో రోమన్ల ముట్టడిలో చిక్కిన జోసెఫస్ ఈ లెక్కతోనే బతికి బయటపడ్డాడని కథ (మళ్ళీ రోమన్లే). మన పిల్లలు చంపుకోవడం లేకుండా కాళ్ళు ముడుచుకుంటూ అదే ఆడారు. ఒకరికి రెండు కాళ్ళు కాబట్టి ఎన్ విలువ రెట్టింపు, అంతే తేడా.

సరదాకి లెక్క వేశాను. పాటకు ఎనిమిది తట్లు అనుకుందాం. ఐదుగురు పిల్లలు, పది కాళ్ళు. మొదట 8వ కాలు ముడుస్తారు, తర్వాత వరుసగా 6, 5, 7, 10, 3, 2, 9, 4. చివరికి మిగిలేది ఒకటో కాలు, అంటే ఎవరి దగ్గర మొదలుపెట్టారో వాళ్ళే దొంగ. అదే నలుగురు పిల్లలైతే ఎనిమిది కాళ్ళలో నాలుగోది మిగులుతుంది, రెండో పిల్ల దొంగ. ముగ్గురైతే మూడో కాలు, మళ్ళీ రెండో పిల్లే. అమ్మకు ఇది చెప్తే "గది మాకెర్కనే. పాట సాగదీసి పాడేటోళ్ళం" అంది. అంటే తట్ల సంఖ్య మార్చేవాళ్ళన్నమాట. రన్‌టైమ్‌లో కె విలువ మార్చి తమకు పడనిదాన్ని దొంగను చేయడం. నేను ఇంజనీరింగ్‌లో నాలుగేళ్ళు చదివింది వీళ్ళు పదేళ్ళ లోపు చేసేశారు.

ఇప్పుడు ఎవరైనా ఆడుతున్నారా? మొన్న పండక్కి పోయినప్పుడు చూశాను. సెల్‌ఫోన్ల వల్ల ఆటలు పోయాయని అందరూ అంటారు, నాకు పూర్తిగా ఒప్పుదల లేదు. వాకిళ్ళు పోయాయి, అది ముందు చెప్పాలి. మట్టి వాకిలి, సాన్పి చల్లి అలికింది అయితే పుల్లతో గీస్తే గీత లోతుగా పడేది. ఒంటికాలి మీద దూకినా మోకాలికి దెబ్బ తగిలేది కాదు. బిళ్ళ వేసిన చోట ఆగేది. ఇప్పుడు వీధులన్నీ సీసీ రోడ్లు. పెంకు వేస్తే జారి రెండు గళ్ళు దాటిపోతుంది, కుంటితే కీళ్ళు నొప్పి. రోడ్లు వద్దని నేననను. వానాకాలం బురదలో నడిచినవాడికి ఆ రోడ్డు విలువ తెలుసు. కానీ ఆట ఆ మట్టిని బట్టి తయారైంది, మట్టి పోతే ఆట మారాలి. మా పిల్లల్లో ఒకరిద్దరు పెంకు బదులు కూల్‌డ్రింక్ సీసా మూతలో తడి మట్టి కూరి ఆడుతున్నారు. బరువు సరిపోతుంది, జారదు. వాళ్ళు ఎవరినీ అడగకుండానే ప్యాచ్ వేసేసుకున్నారు :)

ఈ నెల నుంచి ఒక్కో ఆటకు నియమాలు రాసిపెట్టుకుంటున్నాను. మొదట గీతలాట తీసుకున్నా. నేల మీద అడ్డగీతలు, నడుమ ఒక నిలువు గీత, ఒక జట్టు గీతల మీద కాపలా, ఇంకో జట్టు దాటుకుంటూ ఆ చివరికి పోయి తిరిగి రావాలి. చాలా చోట్ల ఉప్పాట అంటారు, మహారాష్ట్రలో ఆట్యా పాట్యా. పది నిమిషాల్లో అయిపోతుందనుకున్నాను. మూడో నియమం దగ్గరే ఆగిపోయింది. గీత మీద కాపలా ఉన్నవాడి రెండు కాళ్ళూ గీత మీదే ఉండాలంటుంది మా అమ్మ. ఎల్లారెడ్డి నుంచి వచ్చిన మా పిన్ని ఒక కాలు గీత మీదుంటే చాలు, ఇంకో కాలు చాపి తట్టొచ్చంటుంది. ఇద్దరూ నలభై ఏళ్ళ కింద ఆడినవాళ్ళే. నిన్న రాత్రి ఫోన్ స్పీకర్లో పెట్టి గంటసేపు కొట్లాడారు, ఇంకా తేలలేదు. ప్రస్తుతానికి మూడో నియమం కింద రెండూ రాసిపెట్టాను, మాచారెడ్డి వెర్షన్, ఎల్లారెడ్డి వెర్షన్ అని.