తొమ్మిది గెలిచినా పిలుపు రాలేదు

మెరిట్ ఉంటే ఎవరూ ఆపలేరని మనకు పాఠాలు చెప్పేవాళ్లకు 1951 నాటి శాన్‌ఫ్రాన్సిస్కో యూనివర్సిటీ ఫుట్‌బాల్ జట్టు కథ చెప్పాలి.

అమెరికన్ ఫుట్‌బాల్ అంటే బంతిని చేత పట్టుకుని పరుగెత్తే ఆట. ఆ ఏడాది ఈ జట్టు ఆడిన తొమ్మిది మ్యాచ్‌లూ గెలిచింది. ఓలీ మాట్సన్ ఒక్కడే బంతితో 1,566 గజాలు పరుగెత్తాడు. దేశం మొత్తంలో ఆ సీజన్‌కి అదే ఎక్కువ.

సీజన్ చివర మంచి జట్లను 'బౌల్' మ్యాచ్‌లకు పిలుస్తారు. పేరూ డబ్బూ అక్కడే. వాటిలో పెద్దవి చాలావరకు దక్షిణాదిలో, నల్లవాళ్లను చట్టం పెట్టి మరీ వేరుగా ఉంచిన నేల మీద జరిగేవి. జట్టులో మాట్సన్, బర్ల్ టోలర్ ఇద్దరు నల్లవాళ్లు. వాళ్లిద్దర్నీ వదిలేసి వస్తే చోటుంటుందని కబురొచ్చింది.

అయితే మేమూ రామన్నారు తెల్ల ఆటగాళ్లు. దానికి మూల్యం ఉంది. ఫుట్‌బాల్ వల్ల యూనివర్సిటీ అప్పటికే నష్టాల్లో ఉంది. బౌల్ డబ్బు రాలేదు. ఆ సీజన్‌తోనే జట్టును ఎత్తేశారు.

మాట్సన్ 1952 హెల్సింకి ఒలింపిక్స్ పరుగుల్లో రెండు పతకాలు తెచ్చాడు. టోలర్ 1965లో అమెరికా ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్‌లో తొలి నల్లజాతి మ్యాచ్ అధికారి అయ్యాడు. ఆపింది మెరిట్ లేకపోవడం కాదని ఇంకెలా చెప్పాలి?

మన పేరు కొట్టేసిన సభకు వెళ్లి, మాట్లాడి, శాలువా కప్పించుకుని, రాత్రికి ఫోన్ చేసి "బాధేసింది బ్రదర్" అనే మిత్రులు మనకున్నారు. ఈ సీజన్ గురించి ముందు వాళ్లు చదవాలి.