సాంచాల దోస్తులు, వజ్రేశ్వరి వనభోజనాలు

కార్తీకం రాగానే మా ఇంట్లో ఫోన్లు మోగుడు మొదలైతది. బాపు దోస్తులే అందరూ. ఒకరు పద్మానగర్‌లోనే నాలుగు గల్లీల అవతల, ఒకరు కల్యాణ్‌లో కొడుకు దగ్గర, ఇద్దరు సాంచాలు అమ్ముకొని సిరిసిల్లకు తిరిగి పోయినవాళ్లు. అందరికీ డెబ్బై అటూ ఇటూ. వజ్రేశ్వరికి ఏ రోజు పోవాలె, బండి ఎవరిది, పులిహోర ఎవరింట్లో అన్నదే ముచ్చట. ఫోన్ల మాట్లాడుకుంటున్నరు అనేకంటే అరుసుకుంటున్నరు అంటేనే నిజం. ఆ అరుపుల వెనక మన ఊరి చరిత్ర ఉంది, మన ఇంటి పిల్లల కోసం అది రాసిపెడుతున్నాం.

మనవాళ్లు ఈ దేశానికి మొదట వచ్చింది భివండికి కాదు. కరీంనగర్, వరంగల్, నల్లగొండ పల్లెల నుంచి సాలోళ్లు షోలాపూర్‌కు, బొంబాయి మిల్లులకు పోయిండ్రు. నిజాం ఇలాకా నుంచి వచ్చిన తెలుగు కూలీలను బొంబాయిలో కామాఠీలు అనేవారు, కామాఠీపురాకు ఆ పేరే మిగిలింది. భివండిలో అప్పటికే మగ్గం ఉంది. 1857 తిరుగుబాటు తర్వాత ఉత్తరప్రదేశ్ వైపు నుంచి వచ్చి ఇక్కడ దిగిన మోమిన్ నేతగాళ్లది అది. స్వాతంత్ర్యానికి ముందే చేతిమగ్గం పోయి కరెంటు సాంచా వచ్చింది. 1982 జనవరి 18న దత్తా సామంత్ పిలుపు మీద బొంబాయి మిల్లు కార్మికులు సమ్మెకు దిగిండ్రు. రెండు లక్షల పైచిలుకు మంది. ఆ సమ్మె తర్వాత చాలా మిల్లులు మళ్లీ లేవలేదు. వాటి పాత సాంచాలు తుక్కు రేటుకు భివండికి వచ్చినయ్, వాటి వెంట మనుషులూ వచ్చిండ్రు. మా బాపు అంతకు కొన్నేండ్ల ముందే వచ్చిండు.

కార్ఖానా అంటే ఏమిటో ఇప్పటి పిల్లలకు చెప్పాలె. రేకుల కప్పు కింద ఇరవై నాలుగు సాంచాలు. ఒక్కో మనిషికి నాలుగు, ఒక్కోసారి ఆరు. పన్నెండు గంటల పాళీ. ఒక వారం పగలు, ఒక వారం రాత్రి. నాడె అటు కొట్టి ఇటు కొట్టి, వంద డెసిబెల్స్ దాకా చప్పుడు. పక్క మనిషి చెవిలో నోరు పెట్టి అరిచినా వినరాదు. అందుకే చేతులతో మాట్లాడుకునేవాళ్లు. రెండు వేళ్లు కత్తెరలా ఆడిస్తే పడుగు తెగింది. చూపుడు వేలు గిర్రున తిప్పితే కండెలు అయిపోయినయ్. బొటనవేలు పెదవికి తాకిస్తే చాయ్. పిడికిలి నుదుటి మీద పెట్టుకుంటే సేట్ వస్తుండు. మిగిలింది పెదవులు చూసి తెలుసుకునుడే. బిస్సీలో అన్నం తినేటప్పుడు మాట్లాడుకోవచ్చు కానీ, అప్పటికి నిద్ర ముంచుకొస్తది.

ఇంట్లో కండెలు చుట్టుకుంటూ, బీడీలు చేసుకుంటూ మా అమ్మ తరం ఆడవాళ్లు గంటల తరబడి ముచ్చట పెట్టుకున్నరు. వాళ్ల స్నేహంలో మాటకు కరువు లేదు. మగవాళ్లది మాట లేని దోస్తీ. బాపుకు అందరికంటే దగ్గరివాడు ఆయన జోడీదార్, అంటే అవే సాంచాల మీద రెండో పాళీ చేసే మనిషి. మోమిన్. ఆయన పగలైతే బాపు రాత్రి. పాళీ మారేటప్పుడు పది నిమిషాలు కలిసేవాళ్లు. ఏ సాంచా మొరాయిస్తున్నదో ఒకరికొకరు చేతులతో చెప్పుకొని విడిపోయేవాళ్లు. ఇట్ల ఆరేండ్లు నడిచింది. ఆ ఆరేండ్లలో ఇద్దరూ కూర్చొని ఒక పూట మాట్లాడుకున్నది లేదంటడు బాపు.

కరెంటు లేని రోజు వరాలా చెరువు గట్టు మీద తిరుగుడు, అదే షికారు. వనభోజనం మాత్రం మనవాళ్లు ఊరి నుంచి మోసుకొచ్చుకున్నరు. భివండి నుంచి వాడా రోడ్డు పట్టుకొని, అంబాడి దగ్గర మళ్లితే వజ్రేశ్వరి. అక్కడ తాన్సా నది ఒడ్డున, అక్లోలీలో, వేడినీళ్ల కుండాలు ఉన్నయ్. 1739లో వసయి కోటను పోర్చుగీసుల నుంచి గెలవాలని చిమాజీ అప్పా మొక్కుకున్నడట. గెలిచినాక కట్టిన గుడి ఇది, కోటలాగే ఉంటది, 52 మెట్లు. అంతకంటే మనవాళ్లను పట్టి లాగింది అడివి. ఇప్పచెట్టు, మోదుగ, టేకు, ఉసిరి, అన్నీ మన దిక్కువే. తంగేడు మాత్రం ఈ తేమ నేలలో కనబడదు. ఇక్కడ బతుకమ్మకు గునుగు దొరికినా తంగేడు లేని లోటు అమ్మ ఇప్పటికీ చెప్తది. ఉసిరి చెట్టు దొరికితే చాలు, దాని కింద ఆకులు పరిచేవాళ్లు.

1984 మే నెలలో ఆ తిరుగుడు ఆగిపోయింది. 1970లో ఒకసారి తగలబడిన ఊరే, మళ్లీ తగలబడ్డది. మంటలు బొంబాయి, ఠాణా దాకా పాకినయ్, వందల మంది పోయిండ్రు. సాంచాలు కాలినయ్, మనుషులు ఇండ్లు మారిండ్రు, మనవాళ్లు మనవాళ్ల వైపు, వాళ్లు వాళ్ల వైపు. బాపు వేరే కార్ఖానాకు మారిండు. జోడీదార్ ఎటు పోయిండో అడిగేందుకు కూడా ఆ గల్లీకి పోలేదు. భయం ఒకటి. దానికంటే పెద్దది, పోతే ఏం మాట్లాడాలె అన్నది.

తర్వాత సురేశ్ ఖోపడే అనే పోలీసు అధికారి ఊరంతా మొహల్లా కమిటీలు పెట్టించిండు. రెండు మతాలవాళ్లు ఒకచోట కూర్చోవాలె, గల్లీ తగాదా గల్లీలోనే తేల్చుకోవాలె. 1992, 93లో బొంబాయి మండుతుంటే భివండి నిమ్మళంగా ఉన్నది. ఇందుకు కారణాలు ఇంకా ఉండొచ్చు గానీ, కమిటీ అంటే ఇప్పటికీ మా ఇంట్లో గౌరవమే. అట్లాంటి ఒక కూడికలోనే బాపుకు జోడీదార్ కనబడ్డడు. అవతలి బెంచీ మీద కూర్చొని బొటనవేలు పెదవికి తాకించి చూపిండట. ఇద్దరూ లేచి చాయ్‌కి పోయిండ్రు. తొమ్మిదేండ్ల ముచ్చట ఉండె కదా అని అడిగితే, "చాయ్ తాగినం, ఇంటికి వచ్చినం" అంటడు బాపు.

అసలు ముచ్చట సాంచాలు ఆగినాకనే. 2016 నోట్ల రద్దు, మరుసటేడు జీఎస్టీ, ఆ పైన 2020 లాక్‌డౌన్. కిలోల లెక్కన సాంచాలు తుక్కుకు పోయినయ్. చేతుల నిండ పని ఉన్నన్ని రోజులు తీరిక లేదు, తీరిక వచ్చేసరికి చెవులు పోయినయ్. దోస్తులు ఆరుగురిలో నలుగురికి సరిగా వినరాదు. మిషన్లు పెట్టించినం గానీ, పెట్టుకోరు. లోపల మళ్లీ కార్ఖానా మొదలైనట్టుంటదట.

కానీ తాన్సా ఒడ్డున వాళ్లను చూడాలె. కుండంలో మోకాళ్ల దాకా కాళ్లు పెట్టి, గంధకం వాసనలో, వరుసగా కూర్చుంటరు. చేతులు ఆడుతుంటయ్. పాత సైగలకు కొత్తవి కలిసినయ్. కత్తెర వేళ్లు ఇప్పుడు మోకాలు పట్టేసిందని చెప్పడానికి. గిర్రున తిరిగే వేలు, మందులు అయిపోయినయ్ అనడానికి. నుదుటి మీద పిడికిలి పెడితే కోడలు వస్తుంది, బీడీ దాచు! మనవళ్లకు ఒక్కటీ అర్థం కాదు. మేమే సగం నేర్చుకున్నం, వాళ్ల తర్వాత ఇవి ఎవరికీ రావని తెలిసి, పోయినేడు కొన్ని వీడియో తీసి పెట్టినం.

కార్తీకం కాబట్టి మాంసం ఉండదు. జోడీదార్ చాచా ఖర్జూరం, జామపండ్లు తెస్తడు. ఉసిరి కింద పులిహోర, గారెలు, పెరుగన్నం తింటడు. 52 మెట్లు ఎక్కే కాళ్లు ఇప్పుడు ఇద్దరివే, మిగతావాళ్లు కింద చెప్పుల కాడ కూర్చొని వాళ్ల కోసం చూస్తరు.

ఈసారి ఆసన్‌గావ్ పోయి మాహులీ కోట చూడాలని పట్టుబట్టిండ్రు. 1636లో శివాజీ తండ్రి శహాజీ మొగలాయిలకు లొంగిన కోట అది, ఠాణా జిల్లాలోని ఎత్తయిన గుట్ట మీద ఉంది. ఎక్కుడు కాదు, కింద నిలబడి చూసుడే అని మేం ఒప్పించినం. సిరిసిల్లవాళ్లు శనివారం పొద్దున బస్సు దిగుతరు. బండి మాట్లాడినం. ముందు సీటు ఎవరిదన్నది ఇంకా తేలలేదు.